మధ్యన లేని భూమి, మారే చంద్రుడు

2009 జులై 22, బుధవారం, ఆషాఢ అమావాస్య. సూరత్‌లో పొద్దు పొడిచి అరగంట కూడా కాలేదు. వానాకాలపు మబ్బు ఆకాశమంతా కమ్ముకుని ఉంది. ఆరుంబావు దాటాక అప్పుడే వచ్చిన వెలుగు వెనక్కి పోవడం మొదలైంది. చూస్తుండగానే ఊరు చీకటైపోయింది. ఆ చీకటి మూడు నిమిషాలకు పైగా నిలిచింది. నల్ల కళ్లద్దాలు సిద్ధం చేసుకున్నవాళ్లకు మబ్బు వెనకాల సూర్యుడి కరోనా కనిపించలేదు గానీ, చంద్రుడి నీడ తమ మీదుగా వెళ్లిందని మాత్రం ఊరంతటికీ తెలిసింది. ఖంభాత్ సింధుశాఖ మీదుగా వచ్చిన ఆ నీడ మన దేశంలో మొట్టమొదట కమ్మిన పెద్ద నగరం సూరతే. అక్కడి నుంచి అది ఇండోర్, భోపాల్, వారణాసి, పట్నా దాటి చైనా మీదుగా పసిఫిక్ సముద్రంలోకి వెళ్లిపోయింది.

సరిగ్గా ఆరు అమావాస్యల తర్వాత, 2010 జనవరి 15న మళ్లీ సూర్యగ్రహణం వచ్చింది. తెలుగువాళ్లకు ఆ రోజు కనుమ. సూరత్‌లో దాన్ని వాసీ ఉత్తరాయణ్ అంటారు. ముందురోజు ఎగరేయగా మిగిలిన పతంగులతో జనమంతా మళ్లీ మేడలెక్కే రోజు అది. నవాగామ్, లింబాయత్ లాంటి పేటల్లో తెలంగాణ నుంచి వచ్చి సాంచాల మీద బతుకుతున్న నేత కుటుంబాల పిల్లలు కూడా ఆ గాలిపటాల పండుగలో కలిసిపోయి చాలా ఏళ్లయింది. ఆ మధ్యాహ్నం సూరత్‌లో కనిపించింది పాక్షిక గ్రహణమే. అదే వేళకు ధనుష్కోడిలో నిలబడ్డవాళ్లకు చంద్రుడు సూర్యుడి నడిమధ్యకు వచ్చి కూడా అతన్ని పూర్తిగా కప్పలేకపోయాడు. చుట్టూ నిప్పుల కంకణం మిగిలిపోయింది. దాదాపు పది నిమిషాల పాటు ఆ కంకణం చెదరలేదు.

జులైలో సూర్యుణ్ణి కప్పేసి ఇంకా అంచు మిగిలిన చంద్రుడు జనవరికి చాలకుండా పోయాడు. పైగా ఈ రెండు గ్రహణాలూ మామూలువి కావు. పసిఫిక్ మీద 6 నిమిషాల 39 సెకన్లు నిలిచిన 2009 నాటి సంపూర్ణ గ్రహణం ఈ శతాబ్దంలో అన్నిటికన్నా దీర్ఘమైనది. హిందూ మహాసముద్రం మీద 11 నిమిషాల 8 సెకన్లు సాగిన 2010 నాటి కంకణ గ్రహణం ఈ సహస్రాబ్దిలోనే దీర్ఘమైనది. ఒకటి చంద్రుడు పెద్దగా కనిపించినందువల్ల, ఇంకొకటి చిన్నగా కనిపించినందువల్ల రికార్డుకెక్కాయి. రెంటి మధ్యా గడిచినవి 177 రోజులు.

చంద్రుడి అసలు వ్యాసం సుమారు 3,475 కిలోమీటర్లు. అది మారదు. మారేది దూరం. భూమి నుంచి చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లని బడిలో నేర్చుకున్నదే. కానీ నెలలో చాలా రోజులు చంద్రుడు ఆ దూరంలో ఉండడు. బాగా దగ్గరికి వచ్చినప్పుడు 3,56,400 కిలోమీటర్ల దాకా వస్తాడు. బాగా దూరం జరిగినప్పుడు 4,06,700 దాకా పోతాడు. దగ్గరి చోటును పెరిజీ అని, దూరపు చోటును అపోజీ అని అంటారు. ఒక పెరిజీ నుంచి మరో పెరిజీకి 27.55 రోజులు పడుతుంది. ఈ దూరాల తేడాకు తగ్గట్టు మన కంటి దగ్గర చంద్రబింబం చేసే కోణం 29.4 నిమిషాల నుంచి 33.5 నిమిషాల దాకా మారుతుంది. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. చిన్న చంద్రుడితో పోలిస్తే పెద్ద చంద్రుడి వ్యాసం 14 శాతం, వైశాల్యం 30 శాతం ఎక్కువ.

కక్ష్య దీర్ఘవృత్తం కాబట్టి ఇలా జరుగుతుందని చెప్పి ఊరుకుంటే సరిపోదు. పాఠ్యపుస్తకాల్లో ఆ దీర్ఘవృత్తాన్ని కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు. ఆ బొమ్మ చూసిన పిల్లవాడి మనసులో కక్ష్య ఒక పక్క నొక్కుకుపోయిందనీ, అందుకే చంద్రుడు దగ్గరవుతాడనీ నాటుకుపోతుంది. అసలు కొలతలు వేరు. చంద్రకక్ష్యను పది సెంటీమీటర్ల పొడవుతో కాగితం మీద గీస్తే దాని వెడల్పు 9.985 సెంటీమీటర్లు వస్తుంది. తగ్గింది మిల్లీమీటరులో ఆరో వంతు కూడా కాదు. పెన్సిలు గీత మందమే అంతకన్నా ఎక్కువ. పక్కన కంపాసుతో నిజమైన వృత్తం గీసి చూపించినా రెంటికీ తేడా ఎవరూ పట్టలేరు. అయితే అదే బొమ్మలో భూమిని పెట్టాల్సిన చోటు నడిమధ్య కాదు, మధ్య నుంచి 2.7 మిల్లీమీటర్లు పక్కన. ఆ తేడా కంటికి ఇట్టే తెలుస్తుంది. నిజమైన ఆకాశంలో అది 21 వేల కిలోమీటర్లు.

చంద్రుడి సైజు మారడానికి మూలం ఇదే. దారి దాదాపు గుండ్రంగానే ఉంది, భూమి మాత్రం దాని మధ్యలో లేదు. దీర్ఘవృత్తానికి నాభులని రెండు చోట్లుంటాయి, భూమి ఉండేది ఒక నాభి దగ్గర. కేంద్రం నుంచి నాభి ఎంత పక్కకు ఉందో చెప్పే నిష్పత్తే ఉత్కేంద్రత. చంద్రకక్ష్యకు అది 0.055. ఈ ఒక్క సంగతి బొమ్మలో సరిగ్గా చూపిస్తే గ్రహణాలూ తిథులూ పోటుపాట్లూ వేర్వేరు పాఠాలుగా మిగలవు.

ఇక ఆ 177 రోజుల లెక్క. ఆరు చాంద్రమాసాలు కలిపితే 177 రోజుల చిల్లర. దాన్ని 27.55తో భాగిస్తే 6.43 వస్తుంది. అంటే ఆరు అమావాస్యలు గడిచేసరికి చంద్రుడు పెరిజీ నుంచి పెరిజీకి ఆరు చుట్లు పూర్తిచేసి, ఏడో చుట్టులో సగానికి కాస్త ముందున్నాడు. సగమంటే అపోజీ. 2009 జులైలో పెరిజీ దాటిన కొద్ది గంటలకే గ్రహణం పట్టింది. 2010 జనవరిలో అపోజీకి రెండు రోజుల ముందు పట్టింది. సూర్యుడు కూడా దీనికి తోడయ్యాడు. భూమి ఏటా జులై మొదట్లో సూర్యుడికి దూరంగా, జనవరి మొదట్లో దగ్గరగా ఉంటుంది. సూర్యబింబం జులైలో 31.5 నిమిషాలు, జనవరిలో 32.5 నిమిషాలు. ఒకసారి పెద్ద చంద్రుడు చిన్న సూర్యుడి మీదికి, మరోసారి చిన్న చంద్రుడు పెద్ద సూర్యుడి మీదికి వచ్చాడు. అందుకే రెండు రికార్డులు.

మరి పసిఫిక్‌లో ఆరున్నర నిమిషాలకు పైగా నిలిచిన చీకటి సూరత్‌లో మూడు నిమిషాల చిల్లరే ఎందుకుంది? అక్కడ చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నాడు, సూరత్‌లో అప్పుడే పొద్దుతోపాటు పొడుస్తున్నాడు. నడినెత్తిన చంద్రుణ్ణి చూసే మనిషి, దిగంతంలో చూసే మనిషి కన్నా దాదాపు భూవ్యాసార్ధమంత, అంటే ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు, చంద్రుడికి దగ్గరగా ఉంటాడు. ఆ కాస్త దూరానికే బింబం ఒకటిన్నర శాతానికి పైగా మారుతుంది. దానికి తోడు పొద్దుపొడుపు వేళ నీడ నేల మీద ఏటవాలుగా పడి చాలా వేగంగా దాటిపోతుంది.

గ్రహణం ఎంతసేపు నిలుస్తుందన్నది ఒకప్పుడు శాస్త్రవేత్తలకు ప్రాణప్రదమైన విషయం. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణం అందుకు తెలుగు నేల మీది సాక్ష్యం. ఆ రోజూ చంద్రుడు పెరిజీ దగ్గరే ఉన్నాడు. గుంటూరులో సంపూర్ణ గ్రహణం ఐదు నిమిషాలకు పైగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నక్షత్రశాల నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో తమ వర్ణపటదర్శినులు బిగించుకున్నారు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలలు వేడి వాయువులేనని వాటి వెలుగులోని ప్రకాశవంతమైన గీతల ద్వారా తేలింది. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వాటిని చూడడానికి గ్రహణమే అక్కర్లేదని జాన్సెన్ గ్రహించాడు. మర్నాడే పట్టపగలు మళ్లీ చూశాడు. ఆ జ్వాలల వెలుగులో కనిపించిన పసుపు గీత హీలియందని తర్వాత తేలింది. భూమి మీద దొరకకముందే సూర్యుడిలో కనిపించిన మూలకం అది. వర్ణపటదర్శినిని సన్నటి జ్వాల మీదికి తిప్పి, గీతల స్థానాలు చూసి రాసుకోవాలంటే ప్రతి సెకనూ విలువైనదే. చంద్రుడు ఆ రోజు అపోజీ దగ్గర ఉండి ఉంటే గుంటూరుకు అంత దూరం నుంచి ఎవరూ ప్రయాణమై వచ్చేవారు కాదు. కంకణ గ్రహణంలో మిగిలే వెలుగు ఆ జ్వాలలను కనిపించనివ్వదు.

1980 ఫిబ్రవరి 16న మళ్లీ సంపూర్ణ గ్రహణం తెలుగు ఊళ్ల మీదుగా వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్–రంగాపూర్ నక్షత్రశాల సరిగ్గా నీడ దారిలో పడింది. అక్కడ చీకటి నిలిచింది రెండు నిమిషాలకు కాస్త పైగా మాత్రమే. ఆ మధ్యాహ్నం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చున్న సంగతి ఇప్పటికీ పెద్దవాళ్లు చెబుతుంటారు. గుంటూరు చీకటిలో సగం కూడా లేని ఆ కాస్త సమయం కోసమే దేశవిదేశాల పరిశోధకులు రంగాపూర్ చేరారు.

చంద్రుడు దగ్గరా దూరం అవుతాడని మన పూర్వులకు తెలుసు. తెలియడమే కాదు, లెక్కలో పెట్టుకున్నారు. కక్ష్యలో అపోజీ ఒకే దిక్కున నిలిచి ఉండదు, నక్షత్రాల మధ్య మెల్లగా తిరుగుతుంది. మన సిద్ధాంత గ్రంథాల్లో దాని పేరు చంద్రోచ్చ. 43,20,000 ఏళ్ల మహాయుగంలో చంద్రోచ్చ 4,88,219 సార్లు తిరుగుతుందని ఆర్యభటుడు ఇచ్చాడు. భాగహారం చేస్తే ఒక చుట్టుకు 8.85 ఏళ్లు వస్తుంది. నేటి ఖగోళ శాస్త్రం చెప్పేదీ 8.85 ఏళ్లే. దుర్భిణి లేని కాలంలో, తరతరాల పరిశీలనలతో ఈ లెక్కను ఇంత దగ్గరగా పట్టుకోవడం అసాధారణమైన పని.

సూర్యసిద్ధాంతంలోని గ్రహణాధికారం ఇంకో అడుగు వేసింది. చంద్రబింబాన్ని ఆ రోజు చంద్రుడి నడక వేగాన్ని బట్టి పెంచాలి, తగ్గించాలి అంది. వేగంగా నడుస్తున్న చంద్రుడు దగ్గరున్నాడు, దగ్గరున్నవాడు పెద్దగా ఉంటాడు అన్నది దాని వెనకున్న తర్కం. దిశ సరైనదే. కాకపోతే వేగం ఎంత శాతం మారితే బింబమూ అంతే మారుతుందని తీసుకున్నారు. నిజానికి వేగం సగటు నుంచి 11 శాతం అటూ ఇటూ అయితే బింబం అందులో సగమే మారుతుంది. ఎందుకలా అన్నది కెప్లర్ రెండో నియమం వచ్చాకే స్పష్టమైంది. దగ్గరికి వచ్చినప్పుడు చంద్రుడు నిజంగానే వేగం పెంచుతాడు, దగ్గరగా ఉన్నందువల్ల ఆ వేగం మనకు ఇంకాస్త ఎక్కువగానూ కనిపిస్తుంది. బింబం మీద పనిచేసేది దూరం ఒక్కటే.

గ్రీకు సంప్రదాయంలో కథ ఇంకా విచిత్రంగా నడిచింది. టాలెమీ చంద్రుడి స్థానాలను చక్కగా చెప్పగలిగే నమూనా కట్టాడు. కానీ ఆ నమూనాలో చంద్రుడి దూరం భూవ్యాసార్ధానికి 33 రెట్ల నుంచి 64 రెట్ల దాకా మారిపోయేది. అదే నిజమైతే ఒక్కోసారి అర్ధచంద్రుడు దాదాపు రెండింతలు పెద్దగా కనిపించాలి. అలాంటి చంద్రుణ్ణి ఎవరూ ఎన్నడూ చూడలేదు. అయినా ఆ నమూనా వెయ్యేళ్లకు పైగా చలామణీలో ఉంది. 14వ శతాబ్దంలో డమాస్కస్ మసీదులో సమయపాలకుడిగా ఉన్న ఇబ్న్ అల్ షాతిర్ ఆ దూరాలను సరిదిద్దాడు. కెప్లర్ దీర్ఘవృత్తాన్ని చంద్రుడికి సరిగా అన్వయించినవాడు 17వ శతాబ్దపు ఇంగ్లండు యువకుడు జెరెమియా హారక్స్.

ఈ లెక్కంతా నేటికీ తెలుగింటి గోడ మీద పంచాంగంలో ఉంది. సూర్యుడి కన్నా చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. పెరిజీ దగ్గర చంద్రుడు రోజుకు 15 డిగ్రీలు దాటి నడుస్తాడు కాబట్టి తిథి ఇరవై గంటల చిల్లరకే ముగిసిపోతుంది. అపోజీ దగ్గర 12 డిగ్రీల లోపే నడుస్తాడు కాబట్టి తిథి 26 గంటలు దాటి సాగుతుంది. తిథి క్షయాలూ వృద్ధులూ ఇందువల్లే. పాత పద్ధతి పంచాంగకర్తలు బాణవృద్ధి రసక్షయమన్న సూత్రం పాటిస్తారు. 60 ఘడియల తిథి మహా పెరిగితే ఐదు ఘడియలు, తగ్గితే ఆరు ఘడియలు అని దాని అర్థం. ఆకాశంలో చూసిన స్థానాలతో గణించే దృక్సిద్ధాంతులు మాత్రం తిథి ఏడు ఘడియల దాకా పెరుగుతుందని, పది ఘడియల దాకా తగ్గుతుందని చూపించారు. ఈ తగువులో ఆకాశం దృక్సిద్ధాంతుల వైపే ఉంది. సూరత్‌లో ఉన్నా సిరిసిల్లలో ఉన్నా పంచాంగం తీసి చూస్తే సరి. తిథులు చకచకా మారిపోతున్న రోజుల్లో చంద్రుడు దగ్గర్లో ఉన్నట్టే, సాగుతున్న రోజుల్లో దూరంగా ఉన్నట్టే.

కంటికి మాత్రం ఈ తేడా అంత సులువుగా చిక్కదు. పెరిజీ దగ్గరి పున్నమిని సూపర్‌మూన్ అనడం 1979లో రిచర్డ్ నోల్ అనే జ్యోతిష్కుడితో మొదలైంది. పత్రికలు రాసే 14 శాతం ఆ ఏటి అతిచిన్న పున్నమితో పోల్చినప్పటి మాట. సగటు పున్నమితో పోలిస్తే అది ఏడు శాతమే. పక్కపక్కన పెట్టి చూపించడానికి రెండో చంద్రుడు లేడు. పోయిన నెల పున్నమిని మనసులో కొలిచి పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఇక కొత్త మేడల వెనక నుంచి పైకి వచ్చే చంద్రుడు పళ్లెమంత కనిపించడం పూర్తిగా మెదడు చేసే భ్రమ. ఇందాక చెప్పినట్టు దిగంతంలో ఉన్న చంద్రుడు కొలతకు నడినెత్తి చంద్రుడి కన్నా కాస్త చిన్నవాడే.

కొలిస్తే మాత్రం దొరుకుతాడు. అందుకు దుర్భిణి అక్కర్లేదు. ఆఫీసు కాగితాలకు వాడే పంచింగ్ మెషీన్‌తో అట్టముక్కకు ఒక రంధ్రం చేయాలి. అది సుమారు ఆరు మిల్లీమీటర్లుంటుంది. మీటరు స్కేలు ఒక చివరను చెంపకు ఆనించి, అట్టను స్కేలు వెంట ముందుకూ వెనక్కూ జరుపుతూ ఒంటికంటితో చూడాలి. చంద్రుడు రంధ్రంలో అంచులు తాకీతాకనట్టు సరిగ్గా ఇమిడిన చోట ఆగి కంటి నుంచి అట్టకు దూరం రాసుకోవాలి. అపోజీ రోజుల్లో అది 70 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. పెరిజీ రోజుల్లో 62 దగ్గర వస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల తేడాను బట్టల ఊళ్లో ఎవరి చేతిలోని టేపయినా పట్టుకుంటుంది. చీకటి పడ్డాక చంద్రుడి వెలుగు కన్ను చెదరగొట్టి బింబాన్ని ఉబ్బించి చూపిస్తుంది, అందుకని సందెవెలుగు ఉండగా కొలవడం మంచిది. నెలవంక రోజుల్లో ఒక కొమ్ము నుంచి ఇంకో కొమ్ముకు కొలవాలి. ఒక్కో కొలతలో తప్పు దొర్లుతుంది, నెలల తరబడి కొలిస్తే సర్దుకుంటుంది. అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ క్రిసియూనస్ సరిగ్గా ఇలాంటి అట్టముక్కతోనే చంద్రకక్ష్య ఉత్కేంద్రత సుమారు 0.04 అని రాబట్టి 2010లో ప్రచురించాడు. అసలు విలువకు అది కాస్త తక్కువే, కానీ సున్నా కాదని ఒక మామూలు కన్ను నిరూపించింది. నవాగామ్‌లో ఏ మేడ మీదైనా, ఏ బడి పిల్లలైనా చేయగల ప్రయోగమిది. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఇలాంటి ప్రయోగాలు ఆ తరగతి గదుల్లోకి రావాలి.

పెరిజీలన్నీ ఒకే దూరంలో ఉండవు. చంద్రుడి దారిని సూర్యుడు కూడా లాగుతుంటాడు. కక్ష్య పొడుగు దిశ సూర్యుడి వైపు తిరిగినప్పుడు, అంటే పెరిజీ పున్నమికో అమావాస్యకో కలిసినప్పుడు చంద్రుడు 3,57,000 కిలోమీటర్ల లోపలికి కూడా వస్తాడు. పెరిజీ సప్తమి, అష్టముల దగ్గర పడితే 3,70,000 దగ్గరే ఆగిపోతాడు. ఇలా పున్నమీ పెరిజీ కలవడం సుమారు 412 రోజులకోసారి జరుగుతుంది. పద్నాలుగు చాంద్రమాసాల కాలం, పదిహేను పెరిజీ చుట్ల కాలం ఇంచుమించు ఒకటే కావడం దీనికి కారణం. 2016 నవంబరు 14 నాటి కార్తిక పున్నమికి చంద్రుడు 3,56,509 కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 1948 తర్వాత అంత దగ్గరికి రావడం అదే మొదలు.

చంద్రుడు సూర్యుడి పక్కన నిలబడితే తప్ప కంటికి తెలియని ఈ కాస్త తేడా సముద్రానికి బాగా తెలుస్తుంది. బింబం దూరానికి తగ్గట్టు మారుతుంది, పోటును లేపే బలం దూరపు ఘనానికి తగ్గట్టు మారుతుంది. అతి దగ్గరి చంద్రుడు అతి దూరపు చంద్రుడి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బలంగా సముద్రాన్ని లేపుతాడు. విశాఖ తీరంలో పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి అక్కడ ఇది పెద్దగా పట్టించుకునే సంగతి కాదు. ఖంభాత్ సింధుశాఖ గరాటులా లోపలికి ఇరుకవుతూ పోతుంది. భావ్‌నగర్ దగ్గర ఆ తేడా పది మీటర్ల దాకా వెళ్తుంది. ఆ సింధుశాఖ ముఖద్వారం పక్కనే తాపీ నది సముద్రంలో కలుస్తుంది. అక్కడికి కాస్త ఎగువన సూరత్ ఉంది.

2006 ఆగస్టులో సూరత్‌ను ముంచిన వరదకు అసలు కారణం ఎగువన కురిసిన భారీ వానలూ, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఉకాయ్ జలాశయం నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా వదిలిన నీళ్లూ. ఆ నీళ్లు సముద్రంలోకి దిగాల్సిన రోజుల్లో ఆకాశంలో ఏముందో కూడా చూడాలి. ఆగస్టు 9 శ్రావణ పౌర్ణమి, పద్మశాలీలు జంధ్యాలు మార్చుకునే నూలు పున్నమి. 10న పెరిజీ. పున్నమీ పెరిజీ ఒక్క రోజు తేడాతో వచ్చాయి. పోటు పెరుగుతున్న ఆ రోజుల్లోనే నది నిండుగా దిగువకు వచ్చింది. పోటు ఎత్తుగా ఉన్న గంటల్లో నది నీరు సముద్రంలోకి సులువుగా దిగదు. జలాశయం నుంచి ఎప్పుడు ఎంత వదలాలన్న నిర్ణయంలో పోటుపాట్ల పట్టిక కూడా ఒక కాగితంగా ఉండాల్సిందే. వాన ఎప్పుడు ఎంత పడుతుందో నెల ముందు ఎవరూ చెప్పలేరు. పెరిజీ ఏ రోజు వస్తుందో నూరేళ్ల ముందే నిమిషాలతో సహా చెప్పవచ్చు.

2027 ఆగస్టు 2న చంద్రుడు మళ్లీ పెరిజీ దగ్గర సూర్యుడికి అడ్డం వస్తాడు. ఈజిప్టులోని లక్సర్ పరిసరాల్లో ఆరు నిమిషాలకు పైగా చీకటి పడుతుంది. పశ్చిమ భారతంలో ఆ సాయంత్రం పాక్షిక గ్రహణం కనిపిస్తుంది. 2031 మే 21న చిన్న చంద్రుడి వంతు. మదురై మీదుగా కంకణ గ్రహణం వెళ్తుంది. ఆ తర్వాత 2034 నవంబరు 25న పున్నమి చంద్రుడు 3,56,448 కిలోమీటర్లకు, అంటే 2016 కన్నా 61 కిలోమీటర్లు దగ్గరికి వస్తాడు. ఆ రోజు అట్టముక్క 62 సెంటీమీటర్ల గీతకు కాస్త లోపలే ఆగుతుంది.